పక్కకు జరిపి

షట్టరు ఒక్క ఊపులో కిందికి దిగింది. వెంటనే బయట తాళం పడిన చప్పుడు.

లోపలున్న నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జిరాక్స్ మెషిన్‌కి మాత్రం ఏమీ పట్టలేదు. తన పాటికి తాను కరపత్రాలు కక్కుతూనే ఉంది.

“ఎవర్రా అది? ఏయ్!” నర్సు తమ్ముడు పరిగెత్తి రెండు చేతులతో షట్టరు మీద బాదాడు. రేకు దడదడ మోగింది.

“బాదకు నాయనా. దాని స్ప్రింగులు నాకంటే ముసలివి,” అంది షాపు నడిపే జిరాక్స్ పిన్ని, కౌంటరు వెనక స్టూలు మీంచి లేవకుండానే.

బయట చాలామందే ఉన్నారు. చెప్పుల చప్పుడు, తోపుడుబళ్ళ చక్రాల కిరకిర, తిట్లు.

“మా బళ్ళు తీయిస్తావా? దమ్ముంటే బయటికొచ్చి తీయించు!”

“ఎలా వస్తుందయ్యా, తాళం వేసింది నువ్వే కదా?”

“అయితే లోపల్నుంచే చెప్పమను!”

నర్సు టేబుల్ దగ్గర్నుంచి లేచింది. వార్డు ఆస్పత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎప్పుడూ లేరు. కౌన్సిలర్ పదవికి నిలబడ్డాక కూడా గోడల మీద ‘నర్సక్క’ అనే రాశారు. పోటీ చేయాలంటే ఉద్యోగం వదులుకోవాలని నిబంధన. వదులుకుంది. గెలిస్తే ఆ ఆస్పత్రిని కూలగొట్టకుండా ఆపొచ్చు. ఓడితే ఆస్పత్రీ ఉండదు, ఆమెకు జీతమూ ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఇంట్లోవాళ్ళకూ తెలుసు. అందుకే ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

షాపు సన్నగా, పొడుగ్గా, రైలుపెట్టెలా ఉంటుంది. ముందు కౌంటరు, మధ్యలో మెషిన్, వెనక కాగితాల కట్టల మధ్య ఒక టేబుల్. ఆ టేబులే వాళ్ళ ప్రచార ఆఫీసు. వెనక గోడకు పైన ఊచల వెంటిలేటర్ ఒకటి ఉంది గానీ, అందులోంచి పక్క ఇంటి గోడ తప్ప ఏదీ కనిపించదు. ఇంకో తలుపు లేదు.

షట్టరుకు ఎడమ మూల నేల కుంగి జానెడు సందు ఉంది. ఆ సందులోంచి ఒక కాగితం లోపలికి జారింది. దాని మీద చెప్పు అచ్చు. తమ్ముడు తీసి చూశాడు. వాళ్ళ కరపత్రమే. మధ్యలో ఒక వాక్యం కింద ఎర్రగీత.

‘ఆస్పత్రి గేటు ముందు బళ్ళు తీయిస్తాం. అంబులెన్సుకు దారి ఇస్తాం.’

నర్సు చదివింది. ఇంకోసారి చదివింది.

“ఇది మనదేనా?”

“మనదే అక్కా. పొద్దున్నుంచి వార్డంతా ప్రింటు తీస్తున్నది ఇదే.”

“ఈ మాట ఎవరు రాశారు?”

తమ్ముడు లాప్‌టాప్ తెరిచాడు. జిరాక్స్ పిన్ని చేయి చాచి మెషిన్ ఆపేసింది. ఆ మోత ఆగేసరికి బయటి గొడవ ఇంకా దగ్గరికి వచ్చినట్టయింది.

గోడవారగా నిలబడ్డ నాలుగో మనిషి నర్సు భర్త. సిటీ బస్సు కండక్టర్. డ్యూటీ మధ్యలో భార్యకు కేరేజీ ఇచ్చి పోదామని వచ్చి ఇరుక్కున్నాడు. ఒంటి మీద యూనిఫాం, భుజాన టిక్కెట్ల సంచీ.

“నా బస్సు స్టాండులో పెట్టి వచ్చాను. డ్రైవరు నాకోసం హారన్ కొట్టీ కొట్టీ ఈపాటికి దానికి గొంతు పోయుంటుంది,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

* * *

ఈ ప్రచారం మొత్తం తమ్ముడి బుర్రలో పుట్టింది. అతను ప్రోగ్రామర్. పోటీకి దిగేముందు అక్క అడిగింది, “పోస్టర్లకి, మనుషులకి, మైకులకి ఎక్కణ్ణుంచి తెస్తాంరా?” అని.

“తేనక్కర్లేదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎలా రాస్తారో అలా చేద్దాం. మన కరపత్రం, మన హామీలు, ఏ రోజు ఏ వీధికి వెళ్ళాలో ఆ మ్యాపు, అన్నీ నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టేస్తాం. ఎవరికి తప్పనిపిస్తే వాళ్ళు దిద్ది పంపొచ్చు. పంపినవాళ్ళు కాక ఇంకొకరు చూసి ఓకే కొడితే ఆ దిద్దుబాటు అసల్లో కలుస్తుంది. ఎవరు ఏం మార్చారో ఎప్పటికీ చెరగదు. ఎవరికి వాళ్ళు ప్రింటు తీసుకుని వాళ్ళ వీధిలో పంచుకుంటారు.”

“మన శత్రువులు కూడా దిద్దొచ్చా?”

“దిద్దనీ. మంచి దిద్దుబాటైతే తీసుకుందాం.”

అది పనిచేసింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి చేరారు. ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు పెట్టుకున్నారు. ‘కుళాయి’ అనే అతను నీళ్ళు రాని వీధుల మ్యాపు గీశాడు. ‘కత్తెర’ పొడుగు వాక్యాలు కత్తిరించేది. అందరికంటే గట్టివాడు ‘పిచ్చుక’. అక్షరదోషాలు దిద్దేవాడు, కోపంగా రాసినవాళ్ళకు చల్లగా జవాబిచ్చేవాడు, ఏ వీధిలో ఎవరింటికి ఏ టైముకు వెళితే తలుపు తీస్తారో చెప్పేవాడు. పిచ్చుక ఎవరో ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరికీ అనిపించలేదు కూడా.

ఆ వార్డులోనే ఎదుటి అభ్యర్థి ఒక కాంట్రాక్టర్. ఆస్పత్రి స్థలంలో దుకాణాల సముదాయం కట్టాలని అతని ఆలోచన. మైకులూ, మనుషులూ, బిర్రుగా ఇస్త్రీ చేసిన చొక్కాలూ అన్నీ అతని వైపే ఉన్నాయి. పొద్దున అతని మనుషులే ఈ కరపత్రం పట్టుకుని బండి బండికీ తిరిగి ఆ వాక్యం చదివి వినిపించారని బయటి అరుపుల్లోంచి అర్థమవుతోంది.

“దొరికింది,” అన్నాడు తమ్ముడు. గొంతు మారింది. “ఈ మాట పెట్టింది పిచ్చుక.”

“పిచ్చుకా?” జిరాక్స్ పిన్ని స్టూలు దిగింది. “మన పిచ్చుకా?”

“మన పిచ్చుక ఏంటి పిన్నీ! కాంట్రాక్టర్ పిచ్చుక. చూశావా ఎంత ఓపికో! నెలల తరబడి మంచివాడిలా పనిచేశాడు. మనం కళ్ళు మూసుకుని నమ్మేదాకా ఆగాడు. అప్పుడు పొడిచాడు. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇలాగే దూరతారు.”

నర్సు అడిగింది, “ఓకే కొట్టింది ఎవరు?”

తమ్ముడు స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాడు.

“నిన్నేరా.”

“నేనే.”

“చదివావా?”

“పిచ్చుక పంపాడంటే చదవక్కర్లేదనిపించింది అక్కా. ఆ రోజు బోలెడు వచ్చాయి. వరసగా కొట్టుకుంటూ పోయాను.”

షట్టరు మీద ఏదో తగిలింది. టమాటానో, రాయో. రాయి కాదని చప్పుడు చెప్పింది. ఈసారికి.

* * *

నర్సు ఫోన్ మోగింది. కాంట్రాక్టర్. ఆమె స్పీకర్ పెట్టింది.

“నమస్కారం చెల్లెమ్మా. ఏదో ఇబ్బందిలో ఉన్నావని విన్నాను.”

“మీరే పెట్టించారు కదండీ ఇబ్బంది.”

“రాసింది మీరు. నేను చదివి వినిపించానంతే. మీదంతా తెరిచిన వ్యవహారమట కదా, అందరూ చదవాలనే కదా పెట్టారు?” అతను హాయిగా నవ్వాడు. “చూడు తల్లీ, నామినేషన్ వెనక్కి తీసుకోడానికి సాయంత్రం దాకా టైముంది. ఒక్క సంతకం. నేను చెబితే వాళ్ళు నీకు దారిస్తారు. నా కారులోనే తీసుకెళ్ళి, నా కారులోనే ఇంటి దగ్గర దింపుతాను. ఆస్పత్రి ఉద్యోగం మళ్ళీ ఇప్పించే పూచీ కూడా నాదే.”

“కూలగొట్టే ఆస్పత్రిలోనా?”

“ఆలోచించుకో. లోపల గాలాడదు.”

ఫోన్ పెట్టేశాడు. అతను చెప్పింది నిజమే. గాలి ఆడటం లేదు. ఫ్యాను తిరుగుతోంది గానీ కాగితపు దుమ్మునే అటూ ఇటూ తిప్పుతోంది. తమ్ముడి చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

“పోలీసుల్ని పిలుద్దాం,” అన్నాడు.

“వద్దు.”

“అక్కా, బంధించారు మనల్ని!”

“పోలీసులొస్తే ఏం చేస్తార్రా? ముందు లాఠీలు తీస్తారు. తర్వాత బళ్ళు లారీకెక్కిస్తారు. నర్సక్క ఫోన్ చేసింది, బళ్ళు లేచిపోయాయి. అప్పుడు ఆ మాట నిజమైపోదూ?”

జిరాక్స్ పిన్ని బలంగా తలూపింది.

“అయితే ఒకటే దారి,” అని తమ్ముడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “నిజం చెప్పేద్దాం. మా మధ్యలో దొంగ దూరాడు, ఆ మాట రాసింది కాంట్రాక్టర్ మనిషి అని ప్రకటన రాస్తాను. పిచ్చుకను తన్ని తరిమేశాం, ఆ వాక్యం తీసేశాం అని. ఇక్కడే ప్రింటు తీసి సందులోంచి తోసేద్దాం.”

“రాయి నాయనా. నాలుగు గట్టి తిట్లు కూడా పెట్టు,” అంది పిన్ని. “దొంగ పిచ్చుక! తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు!”

కండక్టర్ కేరేజీ తెరుస్తున్నాడు. ఎవరూ అన్నం అడగలేదు. అయినా ఒక్కో గిన్నెనూ ఎంతో జాగ్రత్తగా తీసి, మూతలు తుడిచి, వరసగా పెడుతున్నాడు.

నర్సు తమ్ముడి భుజం మీంచి స్క్రీన్‌లోకి వంగింది. మార్పు పంపేవాళ్ళు, ఎందుకు మారుస్తున్నారో కింద రెండు ముక్కలు రాయాలని నియమం. పిచ్చుక కూడా రాశాడు. తమ్ముడు చదవకుండా ఓకే కొట్టిన ఆ ముక్కలు ఇప్పుడు ఆమె చదివింది.

‘బళ్ళ మధ్యలోంచి స్ట్రెచర్ రావడం లేదు. మెట్ల మీద బీరువాను తిప్పినట్టు పేషెంటును తిప్పాల్సి వస్తోంది. తిప్పేటప్పుడు వాళ్ళు మన మొహంలోకి చూస్తారు.’

ఆమె వంగినదల్లా అలాగే ఉండిపోయింది.

బీరువా. ఆ మాట ఆమెది. ఒక సాయంత్రం, గుండెనొప్పితో వచ్చిన మనిషిని పళ్ళ బండికీ గొడుగుల బండికీ మధ్య ఇరికించి తిప్పి లోపలికి చేర్చాక, ఇంటికి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పిన మాట. అప్పుడు ఇంట్లో ఉన్నది ఒక్కరే.

నర్సు నెమ్మదిగా తల తిప్పి భర్త వైపు చూసింది. అతను చివరి మూతను ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

* * *

“అక్కా, ‘నమ్మకద్రోహి’ అని పెట్టనా, ‘కిరాయి మనిషి’ అని పెట్టనా?”

“రెండూ పెట్టు,” అంది పిన్ని.

“ఏవండీ,” అంది నర్సు. “మీ బస్సులో ఒకసారి పిచ్చుక దూరిందన్నారే. దాని సంగతేంటి?”

మూత అతని చేతిలో ఆగింది.

“అదా… స్టాపు స్టాపుకీ దిగుతుందేమో అనుకుంటే దిగలేదు. చివరిదాకా వచ్చింది. టిక్కెట్టు లేని ప్రయాణం. చెకింగ్ వాళ్ళకి దొరికితే నా ఉద్యోగం పోయేది.” నవ్వబోయి ఆగిపోయాడు.

తమ్ముడి వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. బావ వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. మళ్ళీ బావ వైపు.

“బావా?”

“ఊఁ.”

“నువ్వా పిచ్చుకవి?”

“మెల్లగా మాట్లాడరా బామ్మర్దీ. బయట మా డిపో ముందు టీ అమ్మే ఆయన గొంతు కూడా వినిపిస్తోంది.”

జిరాక్స్ పిన్ని స్టూలు మీద కూలబడింది. “నేను తిట్టిన తిట్లన్నీ నీకేనా నాయనా?”

“పర్లేదు పిన్నీ. బస్సులో ఇంతకంటే మంచివి వింటాను.”

నర్సు కోపంగా అతని మీదికి ఒక అడుగు వేసింది. “ప్రచారం జోలికి రావద్దని చెప్పానా లేదా? సిటీ బస్సు ఉద్యోగులు ఎన్నికల్లో పనిచేస్తే తీసేస్తారని చెప్పానా లేదా? నాదెలాగూ పోయింది, మీదన్నా ఉండాలని కాళ్ళావేళ్ళా పడ్డానా లేదా?”

“పడ్డావు. అందుకే పేరు పెట్టుకోలేదు.” అతను మూత పక్కన పెట్టాడు. “నువ్వు వీధి వీధీ తిరిగి వస్తున్నావు. నేను తలుపు తీసి మంచినీళ్ళిచ్చి కూర్చోవాలా? ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఫోన్‌లో దిద్దేవాణ్ణి. బస్సులో జనం ఏమనుకుంటున్నారో నాకంటే ఎవరికి తెలుస్తుంది?”

బయట ఎవరో కర్రతో షట్టరు మీద గీసుకుంటూ పోయారు. ఆ చప్పుడు పళ్ళ మీద పాకినట్టనిపించింది.

తమ్ముడు ముందుకు వంగి గుసగుసగా అన్నాడు. “ఇదింకా మంచిది. పిచ్చుక ఎవరో మన నలుగురికే తెలుసు. కాంట్రాక్టర్ మనిషి అంటే కాదనేవాడు లేడు. బావ ఉద్యోగం నిలబడుతుంది. అక్క బయటపడుతుంది. ప్రకటన అలాగే ఉంచేద్దాం.”

“నన్ను నేనే తన్ని తరిమేసుకోవాలన్నమాట,” అన్నాడు కండక్టర్. “సరే రాయి. ఒక్క సంగతి మాత్రం… ‘తీయిస్తాం’ అని నేను రాయలేదు.”

“రాశావు బావా. ఇదిగో.”

“ఇంకా వెనక్కి వెళ్ళి చూడు. ‘గేటు ముందు బళ్ళను పక్కకు జరిపి అంబులెన్సుకు దారి ఇస్తాం’ అని రాశాను. పక్కకు జరిపి. నాకు బాగా గుర్తు.”

తమ్ముడు వెనక్కి వెళ్ళాడు. అలాగే ఉంది. పిచ్చుక రాసింది అదే. దాని మీద ఇంకొక మార్పు పడింది. రెండూ ఒకే రోజు వచ్చాయి. రెండింటికీ కలిపి అతను ఒకేసారి ఓకే కొట్టాడు. అందుకే రెండూ ముందు పంపిన పిచ్చుక పేరు కిందే కనిపించాయి.

“రెండోది ఎవరిది?” అంది నర్సు.

“కత్తెర.”

“అయితే ఆ కత్తెరే దొంగ!” అన్నాడు తమ్ముడు.

జిరాక్స్ పిన్ని దగ్గింది. అందరూ అటు తిరిగారు.

“అలా చూడకండి. పేజీ చివర రెండు లైన్లు అవతలికి పోయాయి. అవతల పేజీ అంటే ఇంకో కాగితం. వార్డంతా ఇంకో కాగితం! అందుకని అక్కడక్కడా కత్తిరించాను. జరిపితే ఏంటి, తీయిస్తే ఏంటి, దారి రావడం ముఖ్యం కదా అనుకున్నాను. పేజీలోకి ఎంత చక్కగా పట్టిందో చూడండి కావాలంటే.”

“పిన్నీ, నువ్వు కూడా పేరు మార్చుకుని…”

“మీరందరూ మార్చుకున్నారు, నేను మార్చుకుంటే తప్పా? ఈ వయసులో నాకో సరదా ఉండదా?”

కండక్టర్‌కి నవ్వు ఆగలేదు. చేత్తో నోరు మూసుకున్నాడు. తమ్ముడికి మాత్రం ఏడుపొస్తోంది. ఇందాకటి దాకా ఒక శత్రువు ఉన్నాడు. ఇప్పుడు లేడు. ఒకడు రాశాడు, ఒకామె కత్తిరించింది, ఇంకొకడు చదవకుండా కలిపేశాడు. తలుపేసి వెతికితే దొంగ ఉన్న నలుగురిలోనే దొరికాడు, కాస్త కాస్తగా.

నర్సు వెళ్ళి భర్త ఎదురుగా కూర్చుంది.

“ఆ రోజు ఇంటికొచ్చి నేనేమన్నాను? జరపాలి అన్నానా, తీయించాలి అన్నానా?”

“ఇప్పుడదంతా ఎందుకు?”

“చెప్పండి.”

అతను కేరేజీ వైపు చూస్తూ చెప్పాడు. “అన్నిటినీ పట్టుకెళ్ళి అవతల పారెయ్యాలి అన్నావు. ‘పక్కకు జరిపి’ అనేది నేను కలిపాను.”

నర్సుకు ఆ సాయంత్రం స్ట్రెచర్ మీద మనిషి తన మొహంలోకి చూసిన చూపు గుర్తొచ్చింది. పళ్ళు అమ్మే పెద్దాయన తన బండిని రెండు చేతులతో వెనక్కి లాగబోయి లాగలేకపోవడం కూడా గుర్తొచ్చింది. ఇంటికి వెళ్ళి చెప్పినప్పుడు ఆ రెండోది చెప్పలేదు.

“ప్రకటన కొట్టెయ్యరా,” అంది తమ్ముడితో.

“అక్కా!”

“కొట్టెయ్యి. పిచ్చుక పేరు బయటికి రాదు. కత్తెర పేరూ రాదు. కానీ దొంగ మాట కూడా రాదు.”

* * *

ఆమె షట్టరు దగ్గరికి వెళ్ళి, సందు పక్కన నేల మీద కూర్చుంది.

“పెద్దాయనా! పళ్ళ పెద్దాయనా! ఉన్నారా?”

గొడవ కాస్త తగ్గింది. సందులోకి రెండు అరిగిన చెప్పులు వచ్చాయి. “ఉన్నానమ్మా.”

“ఆ మాట నాదే. ఇంట్లో అన్నాను, కోపంలో అన్నాను. అదే కాగితం మీదికొచ్చింది.”

ఒక్కసారిగా బయట అందరూ అరిచారు. షట్టరు ఊగింది. కండక్టర్ లేచి భార్య పక్కకు వచ్చాడు. తమ్ముడు గోడకు అతుక్కుపోయాడు. పెద్దాయన ఎవరినో గట్టిగా కసిరితే గాని అరుపులు ఆగలేదు.

“ఏంటమ్మా ఇది? ఎవరో దొంగవెధవ దూరి రాశాడని నువ్వు చెబుతావని కాంట్రాక్టర్ మనిషి పందెం కాశాడు. నేను కూడా అదే చెబుతావనుకున్నా. అది చెప్పుంటే ఈపాటికి ఇళ్ళకి పోయేవాళ్ళం.”

“చెబితే పోయేవాళ్ళే. రేపు మళ్ళీ స్ట్రెచర్ వస్తుంది కదా, అప్పుడో?”

సందులో చెప్పులు అటూ ఇటూ కదిలాయి.

నర్సు వెనక్కి చేయి చాపింది. తమ్ముడు కరపత్రం ఒకటి, పెన్ను ఒకటి ఇచ్చాడు. ఆమె వాక్యంలో ‘తీయిస్తాం’ కొట్టేసి, దాని మీద ‘పక్కకు జరిపి’ అని రాసి సందులోంచి బయటికి తోసింది.

“మా దాంట్లో ఎవరైనా దిద్దొచ్చు. ఇన్నాళ్ళూ ఫోనుల్లో దిద్దారు. మీకెవరూ చెప్పలేదు, అది మా తప్పే. ఇప్పుడు దిద్దండి.”

కాగితం చాలాసేపటికి తిరిగొచ్చింది. నాలుగైదు రకాల చేతిరాతలు. ఒకరు ‘ముందు నీ షట్టరు పక్కకు జరుపుకో’ అని రాశారు. ఒకరు బొమ్మ గీశారు, అది ఎవరికీ చూపించేలా లేదు. పిన్ని లాక్కుని చూసి, “ముక్కు మాత్రం కాంట్రాక్టర్‌దే,” అని తీర్పు చెప్పింది. అన్నిటికీ కింద పెద్ద పెద్ద అక్షరాలతో ఒక ప్రశ్న. ‘పక్కకు అంటే ఎక్కడికి? మురుక్కాల్వలోకా?’

నర్సు దాన్ని చూస్తూ కూర్చుంది. గేటుకు ఒకవైపు గోడ, ఇంకోవైపు మూత లేని కాల్వ. పక్క అనేది ఎక్కడుందో ఆమెకు తెలియదు. రాసిన పిచ్చుకకూ తెలియదు. దిద్దినవాళ్ళలో ఎవరూ బండి తోసినవాళ్ళు కారు.

ఆమె కింద రాసింది. ‘తెలీదు. మీరే చెప్పండి.’ తోసేసింది.

ఈసారి కాగితం రాలేదు. బదులు చక్రాల చప్పుడు మొదలైంది. ఒకటి కాదు, వరసగా. దగ్గరికొస్తోంది. కండక్టర్ యూనిఫాంతోనే నేల మీద బోర్లా పడుకుని సందులోకి చూశాడు.

“ఏంటి? ఏం చేస్తున్నారు?” తమ్ముడి గొంతు కీచుమంది.

“బళ్ళు తెస్తున్నారు. షట్టరుకు అడ్డంగా పెడుతున్నారు. పళ్ళ బండి… గొడుగుల బండి… దాని వెనక ఇంకోటి.” వెలుతురు సన్నబడింది. “అయిపోయింది. ఇక తాళం తీసినా బయటికి పోలేం.”

బండి చెక్కను ఎవరో తట్టారు.

“నర్సమ్మా!” పెద్దాయన గొంతు. “ఇదే ఆస్పత్రి గేటనుకో. నువ్వు లోపలున్నావు. బళ్ళు అక్కడ ఎలా నిలబడతాయో ఇక్కడా అలాగే పెట్టాం. కాల్వ ఎక్కడో సుద్దతో గీశాం. ఇప్పుడు చెప్పు, ఏ బండి ఎటు జరగాలో. నువ్వు చెప్పు, మేం తోస్తాం. అందరికీ చోటు దొరికి, నువ్వు బయటికి నడిచొచ్చే దారి పడితే తాళం తీస్తాం.”

“దొరక్కపోతే?”

“మాకు మాత్రం దొరికిందా తల్లీ?”

నర్సు కళ్ళు మూసుకుంది. జానెడు సందులోంచి తప్ప బయట ఏమీ కనిపించదు. “మొదటిది,” అంది. “పెద్దాయనా, మీ బండిని గోడకు ఆనించి పొడుగ్గా తిప్పితే?”

చక్రాలు కదిలాయి. “తిరిగింది. కానీ నాకు నిలబడే చోటు లేదు. ఇటుపక్కన నిలబడి అమ్మాలి.”

“గొడుగులాయన రెండడుగులు వెనక్కి జరిగితే?”

“జరగడు!” అని వేరే గొంతు.

“ఎందుకు జరగవు?” పెద్దాయనే అడిగాడు. వాళ్ళలో వాళ్ళు వాదులాడుకున్నారు. నీడ గురించి, అద్దె గురించి, పెళ్ళాం తమ్ముడి గురించి ఏదో. కొసకు చక్రం మళ్ళీ కిర్రుమంది. కండక్టర్ నేల మీంచి చెబుతున్నాడు, “జరిగాడు… ఇంకొంచెం… ఆగాడు.” తమ్ముడు ఒక్కో కదలికనూ టైపు చేస్తున్నాడు. ఎవరు ఎటు జరిగారో, ఎందుకు కాదన్నారో. ఈసారి ప్రతి ముక్కా చదువుతున్నాడు.

నర్సు ఫోన్ మోగింది. తెర మీద కాంట్రాక్టర్. ఆమె దాన్ని కాగితాల కట్ట మీద బోర్లించింది. అది మోగీ మోగీ ఆగింది. కాసేపటికి మళ్ళీ మోగింది, ఆగింది. తర్వాత ఇక మోగలేదు.

వెంటిలేటర్‌లోంచి కనిపించే గోడ మీద ఎండ ఎర్రబడింది.

“అక్కా,” అన్నాడు తమ్ముడు మెల్లగా. “ఎన్నికల ఆఫీసు మూసేసి ఉంటారు. ఇక వెనక్కి తీసుకుందామన్నా కుదరదు.”

“మంచిది. ఆ గొడవొకటి వదిలింది,” అంది. కాని ఆమె చేయి వెళ్ళి భర్త భుజాన్ని పట్టుకుంది. అతని చొక్కా మీద డిపో ముద్ర ఉన్న చోట.

“మూడో బండి,” అని పిలిచింది. “మూడో బండి ఎవరిది?”

ఎవరో గొంతు సవరించుకున్నారు.

“తాళాలాయనది,” అన్నాడు పెద్దాయన. “తాళాలు బాగుచేస్తాడు, మారు తాళంచెవులు చేస్తాడు. నీ షట్టరుకున్న తాళం కూడా అతనిదే. తాళంచెవి అతని దగ్గరే ఉంది. వెనక గోడ, ముందు మీ గేటు, పక్కన కాల్వ. అతను జరిగే చోటే లేదు. జరగనంటున్నాడు.”

నర్సు భర్త పక్కనే నేల మీద పడుకుంది. సిమెంటు చెంపకు చల్లగా తగిలింది. సందులోంచి ఒక చక్రం కనిపించింది. దాని ఊచకు లావుపాటి తాడు కట్టి, తాడు కొసను ఒక రాయికి చుట్టారు.

“తాళాలాయనా, ఆ చక్రానికి తాడెందుకు?”

“అక్కడ గేటు దగ్గర నేల వాలు. కట్టకపోతే బండి కాల్వలోకి పోతుంది.” గొంతు ముక్తసరిగా ఉంది. “రోజూ కడతా. ఎవడూ అడగలేదు.”

“నేనడుగుతున్నా. పొద్దున్నే బండి ఎటునుంచి తెస్తారు? మొదట్నుంచీ చెప్పండి.”

బయట తాళంచెవుల గుత్తి గలగలమంది. తమ్ముడు షట్టరు వైపు ఒక అడుగు వేశాడు. కానీ చప్పుడు తాళం దగ్గరికి రాలేదు, కిందికి దిగింది. సందులో రెండు మోకాళ్ళు కనిపించాయి. అతను షట్టరుకు ఎదురుగా నింపాదిగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“పెద్ద కథే అది,” అన్నాడు. “తొందరేం లేదుగా నీకు?”

“లేదు,” అంది నర్సు.